ఇంధన ధరలు – చిరు వ్యాపారులు : ఒక చారిత్రక పరిశీలన

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు జ్ఞాపకం వస్తాయి. బడిలో మేము పిల్లలకు చెప్పేది కూడా ఎక్కువ భాగం అదే. ఔరంగజేబు గోలకొండను ఏ సంవత్సరంలో పట్టుకున్నాడని అడిగితే 1687 అని పిల్లలు టక్కున చెబుతారు. అదే పిల్లవాణ్ణి "మీ నాన్న హోటల్లో కట్టెల పొయ్యి పోయి గ్యాసు పొయ్యి ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది?" అని అడగండి, తెల్లముఖం వేస్తాడు. నిజానికి ఆ పొయ్యి మారడం వెనుక కూడా యుద్ధాలున్నాయి, రాజ్యాలున్నాయి, ఒప్పందాలున్నాయి. ఆ చరిత్రనే ఈ వ్యాసంలో క్లుప్తంగా మనవి చేయదలచుకున్నాను.

మన సభ్యుల కుటుంబాలలో ఉద్యోగస్తుల కంటె చేతిపనుల వాళ్ళు, చిల్లర దుకాణదారులే ఎక్కువ. బేకరీ, టీ హోటలు, ఇస్త్రీ, వెల్డింగు, ఆటో, తోపుడు బండి, కూరగాయల బేరం, పరుపులు కుట్టే పని, గాజుల పని, ఏది తీసుకున్నా ఇంధనం లేకుండా పొద్దు గడవదు. వేడి కావాలంటే ఇంధనం. సరుకు ఒకచోట నుంచి ఒకచోటికి కదలాలంటే ఇంధనం. ఉర్దూలో "మహంగాయీ" అంటాం. తెలుగులో మాత్రం ధరలు "మండిపోతున్నాయి" అంటారు. ఇతర సరుకుల విషయంలో అది మాటవరసకు అనేది. ఇంధనం విషయంలో అక్షరాలా నిజం.

కట్టెలు, బొగ్గులు, మట్టినూనె

మన తాతల కాలంలో పనివాడి ఇంధనం అంటే కట్టె, బొగ్గు. బేకరీ భట్టీకి కట్టెలు. ఇస్త్రీ పెట్టెకు బొగ్గులు. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడికి తోలుతిత్తి, గుప్పెడు బొగ్గులు, తగరం, నవాసాగరం వుంటే చాలు. అతని దుకాణం అతని భుజం మీదనే వుండేది. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేసేవాళ్ళు నేటికీ నిప్పు ముందు కూర్చుని లక్కను మెత్తబరచి గాజుకు చుడతారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊళ్ళో కట్టెల అడితి వుండేది. కట్టె ధర వానాకాలంలో కొంచెం పెరిగేది, ఎండాకాలంలో దిగేది. ఆ హెచ్చుతగ్గులు పనివాడికి ముందే తెలుసు. తెలిసిన కష్టానికి మనిషి ముందే సిద్ధపడతాడు.

రైళ్ళు, మిల్లులు నేలబొగ్గు మీద నడిచాయి. మన దగ్గర ఇల్లెందు ప్రాంతంలో 19వ శతాబ్దం చివరిలో మొదలైన గనులే తరువాత సింగరేణి కాలరీస్‌గా పెరిగాయి.

ఆ తరువాత వచ్చింది కిరసనాయిలు. మన పెద్దలు దాన్ని మట్టినూనె అనేవారు. "మిట్టీ కా తేల్" అన్నదానికి అది సరి అయిన మాట. విదేశీ కంపెనీలు దీన్ని రేకు డబ్బాలలో పోసి మారుమూల పల్లెల దాకా పంపాయి. డబ్బా ఖాళీ అయితే అదీ వృథా పోలేదు. రేకు పనివాళ్ళు దాన్ని కోసి బుడ్లు, గరాటాలు, కొలపాత్రలు చేసి అమ్ముకున్నారు. పెట్రోమాక్స్ లైట్లు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే బేరం కూడా ఈ నూనె మీదనే పుట్టింది.

కాని ఇక్కడే ఒక పెద్ద మార్పు జరిగింది. కట్టె మన అడవిలోది, బొగ్గు మన గనిలోది. మట్టినూనె మాత్రం సముద్రం అవతల నుంచి వచ్చేది. దాని ధర మన ఊరి సంతలో కాక ఎక్కడో దూరదేశంలో తేలేది. 1927లో రష్యా కిరసనాయిలు విషయమై రెండు మహా కంపెనీలు పోట్లాడుకున్నాయి. ఆ పోటీ జరిగింది మన దేశపు బజారులోనే. ధరలు తగ్గించి ఒకరినొకరు దెబ్బ తీయాలని చూశారు. 1928లో బర్మా-షెల్ ఏర్పడింది. కంపెనీలు కొట్లాడుకుంటే ధర తగ్గింది, రాజీ పడితే నిలబడింది. బుడ్డి వెలిగించుకుని రాత్రిపూట కుట్టుపని చేసుకునే దర్జీకి ఈ సంగతులేమీ తెలియవు. తెలిసినా అతను చేయగలిగింది లేదు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సులకు వెనకాల బొగ్గుగ్యాసు పీపాలు బిగించి నడిపారు. బర్మాను జపాను వాళ్ళు 1942లో ఆక్రమించగా అక్కడి నూనె రావడం నిలిచిపోయింది. కిరసనాయిలు కరువైంది. దూరాన జరిగే యుద్ధం మన పొయ్యిని ఆర్పగలదని మన జనానికి మొదట తెలిసింది అప్పుడే.

స్వాతంత్ర్యం తరువాత

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం స్వంతంగా నూనె శుద్ధి చేసుకోవాలని సంకల్పించింది. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ వారి శుద్ధి కర్మాగారం మొదలైంది. 1959లో ప్రభుత్వం ఇండియన్ ఆయిల్ కంపెనీని స్థాపించింది. వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలై, 1960లలో ఇతర పట్టణాలకు పాకింది. లారీలు పెరిగాయి. లారీతో పాటు మన వాళ్ళకు కొత్త పనులు దొరికాయి. డ్రైవరు, క్లీనరు, మెకానిక్కు, టైరు పంచరు, బాడీ బిల్డింగు, సీటు కుట్టేవాడు, రంగులు వేసేవాడు. విజయవాడ ఆటోనగర్ చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఎద్దుబండి వెనుక నిలిచిన వడ్రంగి, కమ్మరి వెళ్ళిపోయాడు, డీజిలు వెనుక నిలిచిన మేస్త్రీ వచ్చాడు.

నూనె చవకగా వున్నంత కాలం ఇదంతా బాగానే నడిచింది. 1970 ప్రాంతాలలో పీపా ముడినూనె అంతర్జాతీయ ధర 2, 3 డాలర్లకు మించలేదు. అంత చవక వస్తువు మీద జీవనం కట్టుకోవడం తప్పని ఎవరు అనుకుంటారు?

1973 – మొదటి దెబ్బ

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది. 17వ తేదీన అరబ్బు దేశాలు నూనె ఉత్పత్తి తగ్గించాలని నిర్ణయించాయి. తరువాత అమెరికా మొదలైన దేశాలకు నూనె పంపడం ఆపివేశాయి. పీపా 3 డాలర్లు వున్న ధర 1974 జనవరి 1 నాటికి 11 డాలర్ల 65 సెంట్లు అయింది. మూడు నెలలలో దాదాపు నాలుగు రెట్లు!

మన దేశం మీద ఆ నిషేధం లేదు. కాని ధర మాత్రం అందరికీ ఒకటే. మనం వాడుకునే నూనెలో సుమారు మూడింట రెండు వంతులు దిగుమతే. 1972-73లో నూనె దిగుమతికి అయిన ఖర్చు సుమారు 200 కోట్ల రూపాయలు. 1974-75లో అది 1,100 కోట్లు దాటింది. 1973 నవంబరులో పెట్రోలు, కిరసనాయిలు ధరలు పెంచినందుకు నిరసనగా అటల్ బిహారీ వాజ్‌పేయి ఎద్దుబండి మీద పార్లమెంటుకు వచ్చారు. ఆ ఫోటో నేటికీ పత్రికలలో కనబడుతూ వుంటుంది.

పార్లమెంటుకు ఎద్దుబండి ఒక్కరోజు వచ్చింది. పనివాడు మాత్రం నిజంగానే వెనక్కి నడవవలసి వచ్చింది. కిరసనాయిలు స్టవ్వు మీద టీ కాచేవాడు రంపపు పొట్టు పొయ్యికి పోయాడు. పొట్టు దొరకని చోట మళ్ళీ కట్టెలకు పోయాడు. అప్పటికి కట్టె కూడా పాత కట్టె కాదు. అందరూ దానికే ఎగబడగా దాని ధరా పెరిగింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడినట్టయింది. పైగా 1974 మే నెలలో 8వ తేదీ నుంచి సుమారు 20 రోజులు రైల్వే సమ్మె. బొగ్గు కదలలేదు. ఆ సంవత్సరం టోకు ధరలు సుమారు 25 శాతం పెరిగాయి. ఇంధనం పెరిగింది, దానితో పాటు పిండి, పంచదార, నూలు, ఇనుము అన్నీ పెరిగాయి. చిన్న వ్యాపారికి ఇంధనం దెబ్బ ఒక్కటే కాదు. అతను కొనే ప్రతి వస్తువులోనూ ఇంధనం దాగి వుంటుంది.

ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1974లో ఎస్సో కంపెనీని తీసుకుని హిందుస్థాన్ పెట్రోలియంగా చేసింది. 1976లో బర్మా-షెల్ ప్రభుత్వ పరమై తరువాత భారత్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ కూడా ప్రభుత్వ పరం కాగా విశాఖ కర్మాగారం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 1974లో బొంబాయి సముద్రంలో నూనె బయటపడి 1976లో ఉత్పత్తి మొదలైంది. ధరలను ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి స్థిరపడింది. కిరసనాయిలు రేషను కార్డు మీద చవకగా ఇచ్చారు.

కాని రేషను కిరసనాయిలు ఇంటికే గాని దుకాణానికి కాదు. వంటగ్యాసులో కూడా తరువాత అదే పద్ధతి. ఇంటి సిలిండరు 14.2 కిలోలు, దానికి రాయితీ. వ్యాపార సిలిండరు 19 కిలోలు, దానికి రాయితీ లేదు. ఇంట్లో పొయ్యి వెలిగితే పేదవాడు, అదే పొయ్యి వీధిలోకి తెచ్చి నాలుగు మిరపకాయ బజ్జీలు వేస్తే వ్యాపారి! తోపుడు బండి మీద ఇంటి సిలిండరు కనబడితే పట్టుకుపోతారు. చట్టం దృష్టిలో అది సరైనదే కావచ్చు. కాని బజ్జీల బండి ఆవిడకూ నక్షత్రాల హోటలుకూ ఒకే లెక్క కట్టడం న్యాయమా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఒకే నూనె, రెండు ముఖాలు

1979లో ఇరాన్ విప్లవం, 1980 సెప్టెంబరులో ఇరాన్-ఇరాక్ యుద్ధం వచ్చి ముడినూనె ధరను 30 డాలర్లు దాటించాయి. ఇది రెండవ దెబ్బ.

ఇక్కడ మన కుటుంబాలకు సంబంధించిన ఒక విచిత్రాన్ని చెప్పుకోవాలి. ఏ ధర మన పనివాడి పొయ్యి ఆర్పిందో, ఆ ధరే అతని కొడుకుకు వీసా తెచ్చింది. 1973 తరువాత గల్ఫు దేశాల చేతికి ఎక్కడలేని ధనం వచ్చింది. రోడ్లు, ఓడరేవులు, ఆసుపత్రులు కట్టడం మొదలుపెట్టారు. తాపీ పని, వెల్డింగు, ఎలక్ట్రిక్ పని, డ్రైవింగు వచ్చినవాళ్ళు కావలసి వచ్చారు. హైదరాబాదు పాతబస్తీ నుంచి, కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి మనవాళ్ళు పోయారు. హిందువులూ పోయారు, ముస్లిములూ పోయారు. ఇక్కడ మజూరీ గిట్టక అల్లాడిన మంచి మేస్త్రీ అక్కడ వెల్డర్ అయ్యాడు. పంపిన డబ్బుతో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి, మట్టి గోడల స్థానంలో సిమెంటు గోడలు లేచాయి.

అయితే ఈ లాభం అందరికీ రాలేదు. కొడుకు గల్ఫులో వున్న దుకాణదారు ధరల పెరుగుదలను తట్టుకున్నాడు. కొడుకు లేనివాడు, వుండి వెళ్ళలేనివాడు, వీసా ఏజెంటు చేతిలో మోసపోయినవాడు, వీళ్ళకు నష్టం ఒక్కటే మిగిలింది. ఒకే వీధిలో రెండు ఇళ్ళ మధ్య అంతరం అప్పుడే మొదలైంది.

లాభం వచ్చిన ఇళ్ళకైనా అది శాశ్వతం కాదని 1990 చూపించింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటును ఆక్రమించింది. లక్షకు పైగా మన భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాలలో తీసుకువచ్చింది. కట్టుబట్టలతో దిగినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ వున్నారు. అక్టోబరులో ప్రభుత్వం పెట్రోలు వగైరాల మీద "గల్ఫ్ సర్‌ఛార్జీ" పేరిట 25 శాతం పెంచింది. అంటే గల్ఫు నుంచి రావలసిన డబ్బు ఆగింది, ఇక్కడ కట్టవలసిన ఖర్చు పెరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. 1991 జూలైలో దేశమే బంగారం కుదువ పెట్టవలసి వచ్చింది, రూపాయి విలువ తగ్గించవలసి వచ్చింది. రూపాయి తగ్గితే నూనె మరింత ఖరీదు అని చెప్పనక్కరలేదు.

పెరిగితే వెంటనే, తగ్గితే నిదానంగా

2002 ఏప్రిల్ 1 నుంచి ధరలను ప్రభుత్వం నిర్ణయించే పాత పద్ధతి రద్దు అయిందన్నారు. ఆచరణలో మాత్రం మరికొన్ని ఏళ్ళు ప్రభుత్వం మాటే నడిచింది. 2008 జూలైలో ముడినూనె 147 డాలర్లు తాకింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను బజారుకు వదిలేశారు. 2017 మే 1న విశాఖపట్నంతో సహా 5 నగరాలలో ధరను ప్రతిరోజూ మార్చే పద్ధతి పెట్టి చూశారు. జూన్ 16 నుంచి దేశమంతటా అమలు చేశారు.

బజారుకు వదిలేస్తే అంతర్జాతీయ ధర పెరిగినప్పుడు పెరుగుతుంది, తగ్గినప్పుడు తగ్గుతుంది అన్నారు. వినడానికి న్యాయంగానే వుంది. జరిగిందేమిటో చూద్దాం. 2014 జూన్‌లో 115 డాలర్లున్న ముడినూనె 2016 జనవరిలో 30 డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ మధ్యకాలంలో కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకాన్ని 9 సార్లు పెంచింది. మొత్తం మీద లీటరు పెట్రోలు మీద 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు. 2020లో కరోనా వచ్చి ప్రపంచంలో నూనె కొనేవాడే లేనప్పుడు, మే నెలలో ఒకేసారి పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయల సుంకం వేశారు. రాష్ట్రాల పన్ను దీనికి వేరు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ ఆదాయాన్ని వదులుకోవడానికి సులభంగా ఇష్టపడలేదు. ఆ డబ్బుతో రోడ్లు వేశాం, పథకాలు నడిపాం అని ప్రభుత్వాలు చెబుతాయి. అదీ అబద్ధం కాదు. కాని కొండ మీద కురిసిన వాన కింద వున్న చిన్న చేనుకు చేరేలోపే ఎవరో గట్టు వేసుకున్నారన్నది కూడా నిజమే.

2021లో హైదరాబాదులో లీటరు పెట్రోలు జూన్‌లోనూ, డీజిలు అక్టోబరులోనూ 100 రూపాయలు దాటాయి. 2021 నవంబరులో ఒకసారి, 2022 మేలో ఒకసారి సుంకం తగ్గించారు. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ముడినూనెను మళ్ళీ 100 డాలర్లు దాటించింది. జి.ఎస్.టి. 2017 జూలై 1న వచ్చినా పెట్రోలు, డీజిలు దాని బయటనే వుండిపోయాయి. కాబట్టి రిజిస్టరయిన వ్యాపారి కూడా డీజిలు మీద కట్టిన పన్నును తన పన్నులో మినహాయించుకోలేకపోయాడు.

పైసలలో పెరిగే ఖర్చు, రూపాయలలో పెరిగే ధర

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంధనం ధర పెద్ద వ్యాపారికీ పెరుగుతుంది, చిన్న వ్యాపారికీ పెరుగుతుంది. మరి చిన్నవాడే ఎందుకు నలుగుతాడు? లెక్కల మాస్టారు కాకపోయినా ఒక చిన్న లెక్క చేసి చూపిస్తాను.

ఢిల్లీలో 19 కిలోల వ్యాపార సిలిండరు 2021 మేలో 1,595 రూపాయల 50 పైసలు. 2022 మేలో 2,355 రూపాయల 50 పైసలు. సంవత్సరంలో 760 రూపాయలు పెరిగింది. ఒక టీ హోటలు నెలకు 6 సిలిండర్లు వాడుతుందనుకుందాం. నెలకు అదనపు ఖర్చు 4,560 రూపాయలు. రోజుకు 500 కప్పులు అమ్మితే నెలకు 15,000 కప్పులు. అంటే కప్పుకు సుమారు 30 పైసలు.

ఇప్పుడు ఆ హోటలు అతను కప్పు ధర 30 పైసలు పెంచగలడా? పావలా బిళ్ళను 2011 జూన్‌ తోనే రద్దు చేశారు. అర్ధరూపాయిని ఎవరూ తీసుకోరు. పెంచితే రూపాయి పెంచాలి, మాట్లాడితే 2 రూపాయలు పెంచాలి. పెంచితే రోజూ వచ్చే గిరాకీ మొహం ముడుచుకుంటుంది, ఎదుటి హోటలుకు పోతుంది. అందుకని అతను ఆరు నెలలు ఓపిక పడతాడు. ఆ ఆరు నెలల 27,360 రూపాయలు ఎక్కడ నుంచి వచ్చాయి? పాలలో నీళ్ళు కలిపి కొంత, పనిపిల్లవాడి జీతం పెంచక కొంత, తన పిల్లల ఫీజు ఆలస్యం చేసి కొంత, చివరికి వడ్డీకి అప్పు తెచ్చి కొంత. ఖర్చు అతని మీదికి పైసలలో రోజూ వస్తుంది. అతను ధర పెంచితే రూపాయలలో ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి. ఈ రెంటి మధ్య వున్న ఖాళీని అతని కడుపే పూడ్చాలి.

ఆటో అతని సంగతి ఇంకొక విధం. అతని ధర అతని చేతిలో కూడా లేదు, ప్రభుత్వం నిర్ణయించాలి. హైదరాబాదులో 2014లో మీటరు కనీస ఛార్జీని 20 రూపాయలు చేశారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. ఈ లోపల పెట్రోలు 100 దాటింది. ఇక మీటరు వేయడం మానేశాడు, బేరం మొదలుపెట్టాడు. మనం అతన్ని దోపిడీదారు అన్నాం. రోజుకు 5 లీటర్లు పోసేవాడికి లీటరుకు 20 పెరిగితే రోజుకు 100, నెలకు 26 రోజులు తిప్పితే 2,600 రూపాయలు. అందరు ఆటోవాళ్ళూ న్యాయంగా అడుగుతారని నేను అనను. కాని అడగడానికి కారణం వున్నది.

మరి పెద్దవాడో? లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ "డీజిలు పెరిగింది" అని కాగితం ముక్క పంపిస్తే చాలు, రేటు మారుతుంది. విమానం కంపెనీ టిక్కెట్టులోనే ఇంధనం ఛార్జీ వేరేగా రాస్తుంది. పెద్ద బేకరీ కంపెనీ బిస్కట్ల ధర పెంచకుండానే పొట్లంలో రెండు బిస్కట్లు తగ్గించి వేస్తుంది. మన వీధి బేకరీ అతను డజను ఉస్మానియా బిస్కట్లలో రెండు తగ్గిస్తే పోలీసు కేసంత గొడవ అవుతుంది! చిన్నవాడికి అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఇంకొక ఇబ్బంది, మారడానికి కూడా పెట్టుబడి కావాలి. కట్టెల నుంచి కిరసనాయిలుకు, కిరసనాయిలు నుంచి గ్యాసుకు, పెట్రోలు ఆటో నుంచి గ్యాసు ఆటోకు, ఇప్పుడు కరెంటు ఆటోకు. ప్రతిసారీ కొత్త పొయ్యి, కొత్త బండి, కొత్త డిపాజిట్టు. పెట్టుబడి వున్నవాడు మారి బతికాడు. లేనివాడు పాత ఇంధనంతోనే వుండి, అది ఖరీదయినప్పుడు దానితో పాటే పోయాడు. కళాయి వేసేవాడు స్టీలు గిన్నెల వల్లనే పోయాడని అంటాం. దూది ఏకే విల్లు యంత్రం వల్లనే పోయిందంటాం. పెట్రోమాక్స్ అద్దెకిచ్చేవాడు కరెంటు వల్లనే పోయాడంటాం. ఆ మాట నిజమే. కాని యంత్రం కొనుక్కోగల స్థితి వుంటే ఆ దూదేకుల కుటుంబమే యంత్రానికి యజమాని అయ్యేది. కొందరు అయ్యారు కూడా. ఒక పని పోవడం వేరు, పనివాడు పోవడం వేరు.

కరువు భత్యం ఎవరికి?

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. నేను బడిపంతులును. ధరలు పెరిగితే నాకు డి.ఏ. వస్తుంది. దాన్ని పూర్వం కరువు భత్యం అనేవారు. ధరల సూచి పెరిగితే లెక్క ప్రకారం జీతంలో కొంత కలుపుతారు. ఆలస్యం కావచ్చు, బకాయి పడవచ్చు, సంఘాలు ధర్నా చేయవలసి రావచ్చు. కాని ఆ హక్కు అనేది కాగితం మీద వున్నది. నా ఎదుటి ఇంట్లో వున్న ఇస్త్రీ అతనికి, మూలమీది వెల్డింగు అతనికి, సందులో టీ కాచే ఆవిడకు డి.ఏ. ఎవరిస్తారు?

ప్రభుత్వం ఇవ్వదు, కంపెనీ ఇవ్వదు. ఇవ్వవలసింది గిరాకీయే, అంటే మనమే. 1973 నుంచి 2022 దాకా ఇన్ని దెబ్బలలోనూ చిన్న వ్యాపారిని నిలబెట్టినదీ, పడగొట్టినదీ ఎక్కువ భాగం అతని గిరాకీయే. షర్టు ఇస్త్రీకి 2 రూపాయలు పెంచాడని మనం మొహం తిప్పుకుంటే అతని డి.ఏ. మనం ఆపినట్టే. ఖాతా రాయించి మూడు నెలలు ఉద్దెర పెడితే, ధర పెరిగిన కాలంలో అతని చేత మనకు వడ్డీ లేని అప్పు ఇప్పించుకున్నట్టే. అతను ఆ మూడు నెలలకూ వడ్డీకి తెచ్చి సిలిండరు కొనుక్కుంటాడు.

వ్యాపారం చేసుకునే మన సభ్య సోదరులకూ, సోదరీమణులకూ కూడా రెండు మాటలు మనవి చేస్తాను. ఇంధనం ఖర్చును వేరే పుస్తకంలో రాయండి. చాలామంది సరుకు ఖర్చు రాస్తారు గాని ఇంధనాన్ని జేబు ఖర్చులో కలిపేస్తారు. అందువల్ల నష్టం ఎక్కడ నుంచి వస్తున్నదో తెలియకుండానే దుకాణం ఖాళీ అవుతుంది. ధర పెంచవలసి వస్తే ఒక్కొక్కరు దొంగచాటుగా కాకుండా, వీధిలో ఆ పని చేసేవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని, పాత సిలిండరు ధర ఇంత, కొత్త ధర ఇంత అని బోర్డు మీద రాసి, న్యాయమైనంత వరకే పెంచండి. కారణం చెప్పి పెంచితే గిరాకీ అర్థం చేసుకుంటుంది. చెప్పకుండా పెంచితే అనుమానిస్తుంది. పాలలో నీళ్ళు కలిపితే అసలుకే పోతుంది.

నూనె బావులు మన చేతిలో లేవు, యుద్ధాలు మన చేతిలో లేవు, సుంకాలు కూడా ఓటు వేసే ఒక్కరోజు తప్ప మన చేతిలో లేవు. రేపు మరొక చోట యుద్ధం రావచ్చు, ధర మళ్ళీ పెరగవచ్చు. అప్పుడు పై నుంచి దిగే ఆ భారం చివరికి ఎవరి దగ్గర ఆగుతుంది అన్నది మాత్రం కొంతవరకు మన వీధిలోనే నిర్ణయం అవుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ దాన్ని చెరి కాస్త మోస్తే ఎవరి నడుమూ విరగదు. ఒక్కడి మీదనే వదిలేస్తే ఆ దుకాణం తలుపు మూతపడుతుంది. మూతపడిన దుకాణం ముందు నిలబడి "ఇక్కడ మంచి పనివాడు వుండేవాడు" అని చెప్పుకోవడం వల్ల ఎవరికీ ప్రయోజనం వుండదు.